‘ఏదైనా మంచి పుస్తకం చెప్పండి’: లైబ్రరీ సిబ్బంది సిఫార్సు వెనక ఏం జరుగుతుంది?

జనవరి వచ్చిందంటే విజయవాడలో పుస్తకాల పండగ. ఏళ్ల తరబడి స్వరాజ్య మైదానంలో జరిగిన ఈ పండగ, అక్కడ అంబేడ్కర్ స్మృతివనం కట్టడంతో వేరే చోట్లకు మారింది గానీ, స్టాళ్ల ముందు వినిపించే ప్రశ్న మాత్రం అలాగే ఉంది: “ఏం కొనమంటారు?” ఈమధ్య ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు బాగా పెరిగారు. రీల్స్‌లో ఒకరు చదివి తీరాల్సిన పది తెలుగు పుస్తకాలంటారు. ఆన్‌లైన్ షాపు ‘ఇది కొన్నవాళ్లు ఇది కూడా కొన్నారు’ అంటుంది. సినిమా యాప్ తెరిస్తే ‘మీ కోసం’, పాటల యాప్ తెరిస్తే మళ్లీ ‘మీ కోసం’.

ఈ గోలలో లైబ్రరీ కౌంటర్ వెనక కూర్చున్న మనిషి చెప్పే మాటను ఎక్కడ పెట్టాలి? అది వాళ్ల సొంత ఇష్టమా, వృత్తి నైపుణ్యమా, ప్రభుత్వం కొన్న పుస్తకాలను కదిలించే ప్రయత్నమా? కొంత అదీ ఉంది, కొంత ఇదీ ఉంది. ఒక్కో పోగూ విడదీసి చూద్దాం.

సమీక్ష, ప్రకటన, సిఫార్సు: ఏది దేని గురించి మాట్లాడుతుంది?

సమీక్ష పుస్తకం గురించి మాట్లాడుతుంది. బాగుందా, ఎక్కడ తేలిపోయింది, ఇంతకుముందు ఇలాంటివి ఏం వచ్చాయి అన్నది దాని గొడవ. చదివేవాడు ఎవరన్నది సమీక్షకుడికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ప్రకటన అమ్మేవాడి మాట. అందులో తప్పేం లేదు, ఎవరి మాటో తెలిస్తే చాలు.

లైబ్రరీ సిఫార్సు చదివే మనిషి దగ్గర మొదలవుతుంది. ఒకే పుస్తకాన్ని పొద్దున ఒకరికి ఇచ్చి, సాయంత్రం ఇంకొకరికి వద్దనొచ్చు. రెండుసార్లూ లైబ్రేరియన్ కరెక్టే. అందుకే ‘ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి’ అనడం మెడికల్ షాపుకెళ్లి ‘ఏదైనా మంచి మందు ఇవ్వండి’ అనడం లాంటిది. ఎవరికి, దేనికి అని తిరిగి అడగకుండా చేతిలో పెట్టేస్తే అనుమానించాల్సిందే.

ఇది ప్రధానంగా రెండు రూపాల్లో కనిపిస్తుంది. ఒకటి కౌంటర్ దగ్గర నోటిమాట. రెండోది, పాశ్చాత్య దేశాల లైబ్రరీల్లో మామూలైపోయిన ‘స్టాఫ్ పిక్స్’ అర. సిబ్బందిలో ఒక్కొక్కరూ తమకు నచ్చిన పుస్తకాన్నో, సినిమా డిస్కునో, సంగీతం ఆల్బమ్‌నో అక్కడ పెట్టి, ఎందుకు నచ్చిందో చిన్న అట్టముక్క మీద రెండు మూడు వాక్యాలు రాస్తారు. అమెరికాలో 2013 నుంచి ‘లైబ్రరీరీడ్స్’ అనే ఏర్పాటు కూడా ఉంది. దేశవ్యాప్తంగా లైబ్రరీ సిబ్బంది ఓట్లు వేసి ప్రతి నెలా కొత్త పుస్తకాల జాబితా ఒకటి తీస్తారు.

మన దగ్గర రెండో రూపం అరుదు. నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో బల్లల మీద పుస్తకాలు పరిచి ప్రదర్శన పెడతారు గానీ, ఫలానావారికి ఇది ఎందుకు నచ్చిందన్న వాక్యం వాటి పక్కన ఉండదు. మొదటి రూపం మాత్రం మనకు ఎప్పట్నుంచో ఉంది. దానికి ఎవరూ పేరు పెట్టలేదంతే.

ఒకే నవలకు నాలుగు తలుపులు

మనకు ఏం కావాలో కేటలాగును అడిగితే చెప్పదు. లైబ్రరీలో పుస్తకాలను విషయం వారీగా నంబర్లిచ్చి సర్దే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి నంబరు 894.827. నవలలూ కథలైతే చివర్న 3 చేరి 894.8273 అవుతుంది. పుస్తకం వీపు మీద అతికించిన ఆ చీటీ, అది ఏ ర్యాకులో ఉండాలో చెబుతుంది. చదివితే నవ్వొస్తుందా, నిద్ర పడుతుందా, ఏడుపొస్తుందా అన్నదానికి నంబరు లేదు. ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకునే నవలా, కడుపు చెక్కలయ్యే నవలా ఒకే నంబరుతో పక్కపక్కనే ఉంటాయి.

ఈ లోటును పూడ్చడానికి అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ ఒక తేలిక పద్ధతి చెప్పారు. పాఠకుడు పుస్తకంలోకి నాలుగు తలుపుల్లో ఏదో ఒకదాని గుండా వెళ్తాడు: కథ, పాత్ర, చోటు, భాష. ఏ తలుపు అన్నది పట్టుకుంటే తర్వాతి పుస్తకం దొరుకుతుంది.

ఒక నవల ఉందనుకుందాం. పల్నాటి ఊరు, మిర్చి రైతు కుటుంబం, అప్పు, గుంటూరు యార్డులో ధర పడిపోవడం, అన్నదమ్ముల మధ్య పొలం గొడవ, చివర్న ఒక కోర్టు తీర్పు. నలుగురు చదివారు, నలుగురికీ తెగ నచ్చింది. మొదటాయన రాత్రి రెండింటిదాకా చదివాడు, కేసు ఏమవుతుందోనన్న టెన్షన్‌తో. ఆయనకు కావలసింది కథ. తర్వాత ఇవ్వాల్సింది మరో పల్లెటూరి నవల కాదు, ఊపిరి సలపనివ్వని పరిశోధక నవలైనా సరిపోతుంది. రెండో ఆవిడకు ఆ ఇంటి పెద్దకోడలు గుర్తుండిపోయింది. ఆమెకు అలాంటి గట్టి మనిషి ఉన్న ఆత్మకథ ఇచ్చినా సంతోషమే. మూడో అతను యార్డులో పుట్టిపెరిగినవాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు), కమీషన్, ఘాటుకు వచ్చే దగ్గు అన్నీ ఉన్నది ఉన్నట్టు రాశారని మురిసిపోయాడు. అతనికి పొగాకు బేళ్ల మీదో, చీరాల మగ్గాల మీదో వచ్చిన పుస్తకం పట్టుకుంటుంది. నాలుగో అమ్మాయికి ఆ యాస నచ్చింది. ఆమెకు రాయలసీమ మాండలికంలో కథల సంపుటం ఇస్తే ఊరు మారినా ఆనందం మారదు.

నలుగురూ ‘అలాంటిదే ఇంకొకటి ఉందా’ అనే అడుగుతారు. నలుగురికీ ‘అలాంటిది’ వేరు. చిక్కంతా అక్కడే ఉంది.

కౌంటర్ దగ్గర నాలుగు ప్రశ్నలు

మామూలుగా జరిగే సంభాషణ ఒకటి ఊహించుకుందాం.

“మేడమ్, మా నాన్నగారికి ఏదైనా మంచి పుస్తకం ఇస్తారా?”

“ఇంతకుముందు ఏం చదివేవారండీ?”

“పెద్దగా ఏం లేదండీ. పేపరు చదువుతారు. రిటైరయ్యాక ఊరికే కూర్చుంటున్నారని...”

“పేపర్లో ముందు ఏ పేజీ తీస్తారు?”

“జిల్లా పేజీలండీ. ఆ వార్తలు చదివి, ఇక్కడ ఒకప్పుడు ఫలానా థియేటర్ ఉండేది, ఇది కాలవగట్టు అని చెబుతుంటారు.”

“కళ్లు ఎలా ఉన్నాయి? చిన్నక్షరాలు కనిపిస్తాయా?”

“ఆపరేషనయింది. చిన్నవైతే కష్టమే.”

ఈ కాస్త మాటల్లో లైబ్రేరియన్‌కు కావలసినవన్నీ వచ్చేశాయి. ఆయన తలుపు ‘చోటు’. అలవాటు చిన్న చిన్న ముక్కలుగా చదవడం, అంటే ఆరు వందల పేజీల నవల మొదటిరోజే దిండు పక్కకు చేరుతుంది. అక్షరం పెద్దదిగా ఉండాలి. ఊరి చరిత్ర మీద పొట్టి వ్యాసాలో, ఈ ప్రాంతంవాళ్లు రాసుకున్న జ్ఞాపకాలో రెండు తీసి చేతికిస్తారు. ఐదు ఇవ్వరు. ఐదు ఇస్తే ఏది ముందన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది.

గమనించారో లేదో, ‘ఆయనకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం’ అని ఆవిడ అడగనే లేదు. ఆ ప్రశ్నకు చాలామంది జవాబు చెప్పలేరు. చెప్పినా, చదివేవి కాకుండా చదవాలనుకునేవి చెబుతారు. పేపర్లో ముందు తీసే పేజీ అబద్ధం చెప్పదు.

పుస్తకం ఇచ్చేటప్పుడు ‘నచ్చకపోతే మధ్యలో ఆపేసి తెచ్చెయ్యండి’ అనే మాట కూడా ఈ పనిలో భాగమే. దీనికీ పెర్ల్ ఒక లెక్క చెప్పారు: యాభై పేజీలు చదవండి, అప్పటికీ పట్టుకోకపోతే వదిలెయ్యండి. వయసు యాభై దాటితే నూరులోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చాలు. మన పెద్దాయనకు 68 ఏళ్లనుకుంటే 32 పేజీలు. మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేయాల్సిందే అని పెరిగిన తరానికి ఈ లెక్క కాస్త చిలిపిగా తోచవచ్చు గానీ, లైబ్రరీ పుస్తకానికి ఇది బాగా నప్పుతుంది. డబ్బు పెట్టి కొన్నది కాదు కాబట్టి వదిలేస్తే పోయేదేం లేదు.

బెజవాడకు ఇది కొత్త విషయమా?

కాదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం మొదలైంది. 1914 ఏప్రిల్ 10న అదే ఊళ్లో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో, చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఆ ఉద్యమకారులు పుస్తకాలు పోగేసి ఊరుకోలేదు, పుస్తకాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లడమే పనిగా పెట్టుకున్నారు.

అందులో నాకు బాగా ఇష్టమైనది బోటు లైబ్రరీ. పాతూరి నాగభూషణం 1935లో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో పుస్తకాలు తిప్పారు. ఒక్కసారి ఆ పడవను ఊహించండి. బీరువాలన్నీ ఎక్కించలేరు, పట్టేవి కొన్నే. ఏ రేవులో ఎవరు ఎదురుచూస్తుంటారో, వాళ్లలో చదవగలిగినవాళ్లెవరో, చదివించుకుని వినేవాళ్లెవరో అంచనా వేసుకోకుండా ఆ ‘కొన్ని’ ఏరడం కుదరదు. పడవ ఎక్కేలోపే సిఫార్సు జరిగిపోవాలి.

అదే కాలంలో మద్రాసులో ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. లైబ్రరీ సైన్స్ విద్యార్థులు ఇప్పటికీ పరీక్షకు బట్టీ పట్టేవి అవే. వాటిలో రెండూ మూడూ ఇక్కడ కీలకం: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ దిశ వేరు. రెండో సూత్రం ప్రకారం, వచ్చిన మనిషికి తగ్గది వెతకాలి. మూడోదాని ప్రకారం, అరలో ఏళ్లుగా కదలని పుస్తకానికి తగ్గ మనిషిని వెతకాలి. స్టాఫ్ పిక్స్ అర ప్రధానంగా మూడో సూత్రం చేసే పని.

యాప్ చెప్పేదీ మనిషి చెప్పేదీ: ఒక చిన్న లెక్క

‘ఇది తీసుకున్నవాళ్లు ఇది కూడా తీసుకున్నారు’ అన్న పద్ధతి మాయాజాలం కాదు, లెక్కపెట్టడమే. అందులో ఎక్కడ పొరపాటు జరుగుతుందో చూడటానికి ఊహాజనితమైన అంకెలు తీసుకుందాం.

ఒక లైబ్రరీలో వందమంది సభ్యులు. గ్రూప్-2 గైడు 60 మంది తీసుకున్నారు. కృష్ణా లంక గ్రామాల మీద ఒక కథల పుస్తకం ఐదుగురు తీసుకున్నారు. జాలర్ల జీవితం మీద ఒక నవల పదిమంది తీసుకున్నారు. ఆ పదిమందిలో ఆరుగురు గైడు కూడా తీసుకున్నారు, నలుగురు లంక కథలు కూడా తీసుకున్నారు. ఇప్పుడు ఇంకొకరు వచ్చి జాలర్ల నవల తీసుకున్నారు. వాళ్లకు తర్వాత ఏం చెప్పాలి?

ఊరికే లెక్కపెడితే ఆరు, నాలుగు. గైడు గెలిచింది. కానీ గైడు లైబ్రరీ మొత్తం మీద కూడా నూటికి అరవైమంది తీసుకున్నదే. నవల చదివినవాళ్లలోనూ అదే నిష్పత్తి. అంటే ఈ నవలకూ గైడుకూ ఏ సంబంధమూ లేదు. లంక కథలు మొత్తం మీద నూటికి ఐదుగురే తీసుకుంటే, నవల చదివినవాళ్లలో నూటికి నలభైమంది తీసుకున్నట్టయింది. మామూలుకంటే ఎనిమిది రెట్లు. సంబంధం ఇక్కడుంది.

మంచి యాప్‌లు ఈ రెండో లెక్కే వేస్తాయి, ఇంకా చాలా మెలికలతో. కాబట్టి యంత్రానికి ఏమీ తెలియదని కొట్టిపారేయడం సరికాదు. లక్షలమంది అలవాట్లను ఒకేసారి చూడటం ఏ లైబ్రేరియన్ వల్లా కాదు. పాటల విషయంలో అది మరీ నిజం. మూడు నిమిషాల పాట నచ్చిందో లేదో, మధ్యలో దాటేశారో లేదో యంత్రానికి వెంటనే తెలిసిపోతుంది. పుస్తకం విషయంలో అలాంటి ఆనవాలు రోజుల తరబడి రాదు.

యంత్రం తడబడేది ఎవరూ తీసుకోని పుస్తకం దగ్గర. నిన్న వచ్చిన కొత్త కవిత్వ సంపుటానికి లెక్క సున్నా. సున్నాను దేనితో పోల్చినా ఏమీ రాదు. తెలుగు పుస్తకాల సంగతి చూస్తే ఇది పెద్ద సమస్యే, ఎందుకంటే మన పుస్తకాల్లో చాలావాటికి ఆన్‌లైన్‌లో రేటింగులే ఉండవు. మనిషి మాత్రం ఆ సంపుటం తెరిచి నాలుగు పేజీలు చదివి, ‘ఇది ఫలానా మాస్టారికి నచ్చుతుంది’ అనుకోగలడు. అలాగే ‘పాపకు నవలంటే భయం, చందమామ కథలు దాటి ఇంకో మెట్టు ఎక్కించాలి’ అన్న సంగతి పాత రికార్డులో ఉండదు. అది నోరు తెరిచి చెబితేనే తెలుస్తుంది.

సినిమాకీ పాటకీ లైబ్రరీ ఏం చెప్పగలదు?

పాశ్చాత్య దేశాల పబ్లిక్ లైబ్రరీల్లో సినిమా డిస్కులూ, సంగీతం సీడీలూ పుస్తకాలతో పాటు ఇంటికిస్తారు. ఇప్పుడు కొన్ని లైబ్రరీలు ‘కానొపీ’, ‘హూప్లా’ లాంటి స్ట్రీమింగ్ సేవలకు డబ్బు కట్టి, సభ్యత్వ కార్డు ఉన్నవాళ్లకు ఉచితంగా చూపిస్తున్నాయి. అందుకే అక్కడి సిబ్బంది సిఫార్సుల్లో నవల పక్కనే సినిమా, దాని పక్కనే జాజ్ ఆల్బమ్ కనిపిస్తుంది.

మన దగ్గర అలా లేకపోవడానికి చట్టమే అడ్డమని కొందరు అనుకుంటారు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చూస్తే సంగతి వేరు. లాభాపేక్ష లేని లైబ్రరీ, చట్టబద్ధంగా సంపాదించిన సినిమా ప్రతినో పాటల ప్రతినో లాభాపేక్ష లేకుండా అరువిస్తే దాన్ని ‘వాణిజ్య అద్దె’గా లెక్కించకూడదని ఆ సవరణ చెబుతోంది. అడ్డు మరోచోట ఉంది. మన పబ్లిక్ లైబ్రరీలు పుస్తకాలు, పత్రికల చుట్టూనే పెరిగాయి. ఈలోగా డిస్కుల కాలమే వెళ్లిపోయింది. ఓటీటీ చందా కడితే మన చేతికి ప్రతి రాదు, చూసే అనుమతి మాత్రమే వస్తుంది. చేతిలో ప్రతి లేనప్పుడు అరువివ్వడానికి ఏముంటుంది?

అయినా సినిమా సిఫార్సు ఇక్కడ ఇంకో దారిలో జరగొచ్చు, సినిమా మీదుగా పుస్తకానికి. కోర్టు సినిమా చూసి ఊగిపోతున్న ఇంటర్ కుర్రాడు వచ్చి ‘సార్, అలాంటి బుక్ ఏదైనా ఉందా’ అంటే, న్యాయశాస్త్రం పాఠ్యపుస్తకం ఇస్తే మళ్లీ ఇటువైపు రాడు. అతనికి నచ్చింది వాదన, ఎత్తుకు పైఎత్తు. నిజంగా జరిగిన కేసుల కథనాలో, పాత్రలు ఎదురెదురుగా నిలబడి వాదించుకునే నాటకమో ఇస్తే చదువుతాడు. నాటకాల ర్యాకు దుమ్ము దులపడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

సినిమా చెప్పేటప్పుడు పుస్తకానికి లేని చిక్కు ఒకటుంది. పుస్తకం ఒక్కరే చదువుతారు, సినిమా ఇంటిల్లిపాదీ చూస్తారు. నచ్చుతుందా అన్నదానికంటే ఎవరెవరు కూర్చుంటారన్నది ముందు తేలాలి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని మూడుగా విడదీయడం ఇక్కడ కాస్త పనికొస్తుంది. కానీ అది వయసు చెబుతుంది గానీ మామ్మగారి ముందు ఇబ్బంది పడతామో లేదో చెప్పదు.

పాటల విషయానికొస్తే, 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం చేసింది సిబ్బంది సిఫార్సు కాక మరేమిటి? పొద్దున్నే భక్తిరంజనిలో తత్వాలూ కీర్తనలూ వరసగా వినిపించినప్పుడు వాటిని ఎవరో కూర్చుని ఏరారు. వినేవాళ్లు అడిగినవి కావవి. అడగడానికి అలాంటివి ఉన్నాయనే చాలామందికి తెలియదు.

అరలో లేనిది చెప్పలేరు

సిఫార్సు ఎంత బాగున్నా పుస్తకం చేతికి రావాలి. అక్కడే డబ్బు సంగతి వస్తుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ లైబ్రరీల చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తాయి. వాటికి ప్రధాన ఆదాయం ఆస్తిపన్ను మీద వేసే గ్రంథాలయ సెస్సు, రూపాయికి ఎనిమిది పైసలు. మీ ఇంటిపన్ను 3,000 రూపాయలైతే దాని మీద లైబ్రరీ సెస్సు 240. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ సెస్సు సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరదన్న ఫిర్యాదు ఎప్పట్నుంచో ఉంది. దీనికి తోడు, 1972లో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పుస్తకాల కొనుగోలుకు సాయం చేస్తుంది.

కొనేది ఎవరు, ఏది కొన్నారు అన్నదాన్ని బట్టే కౌంటర్ మీద మనిషి ఏం చెప్పగలరో తేలుతుంది. పెద్ద ఎత్తున ఒకేసారి కొన్న పుస్తకాలు చాలా శాఖా గ్రంథాలయాల్లో ఒకేలా కనిపిస్తాయి. పాఠకుడు అడిగింది అందులో లేకపోతే లైబ్రేరియన్ ఉన్నవాటిలోంచే దగ్గరిది చెబుతారు. అది మోసం కాదు గానీ, ‘ఉత్తమమైనది’ చెప్పారని మనం అనుకోకూడదు. ఉన్నవాటిలో మీకు నప్పేది చెప్పారంతే. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలాంటి చోట్ల, పుస్తకప్రియుల సేకరణతో పెరిగిన నిల్వలో, ఇదే ప్రశ్నకు వేరే జవాబు వస్తుంది. మార్కెట్లో ఎప్పుడో అయిపోయిన పుస్తకం పేరు అక్కడ ధైర్యంగా చెప్పొచ్చు.

ఇంకో వాస్తవం కూడా ఉంది. విజయవాడ, గుంటూరు రెండు ఊళ్లలోనూ రీడింగ్ రూముల్లో కుర్చీలు ఎక్కువగా నింపుతున్నది పోటీ పరీక్షల అభ్యర్థులు. వాళ్లకు కావలసిన సిఫార్సు వేరు: ఏ ఎడిషన్, ఏ సిలబస్, ఏ పబ్లిషర్. నవల గురించి అడిగేవాళ్లకు టైమివ్వాల్సిన మనిషే ఈ ప్రశ్నలకూ జవాబు చెప్పాలి, రిజిస్టరూ రాయాలి, చాలా చోట్ల తలుపులూ తీయాలి. నాలుగు ప్రశ్నల సంభాషణకు కావలసింది తెలివికంటే ముందు తీరిక.

మంచివి చదివించాలా, ఇష్టమైనవి ఇవ్వాలా?

సిఫార్సు మీద అసలు పేచీ ఇక్కడుంది, ఇది వందేళ్ల నాటిది. ఒక వాదం ప్రకారం లైబ్రరీ ప్రజల సొమ్ముతో నడిచేది, కాలక్షేపం నవలలకు యాప్‌లూ షాపులూ ఉన్నాయి. పాఠకుణ్ని ఇంకో మెట్టు ఎక్కించేదే సిఫార్సు. మన గ్రంథాలయోద్యమం జాతీయోద్యమంతో, వయోజన విద్యతో కలిసి నడిచింది కాబట్టి ఈ వాదానికి ఇక్కడ బలం ఎక్కువ. అమెరికాలోనూ 1920ల్లో ‘పాఠకుల సలహాదారు’ అన్న పని మొదలైంది ఇలాగే, పెద్దవాళ్ల స్వయంవిద్య కోసం.

రెండో వాదం ప్రకారం, పాఠకుడి ఇష్టానికి మార్కులు వేసే అధికారం సిబ్బందికి లేదు. వీక్లీ సీరియల్ నవలలు చదివే ఆవిడకు క్లాసిక్ అంటగడితే ఆవిడ ఎదగదు, లైబ్రరీ మానేస్తుంది. అమెరికాలో 1980ల నుంచి ఈ సేవ మళ్లీ ఊపందుకున్నప్పుడు మొగ్గింది ఈ వైపే. సరదా చదువునూ సీరియస్‌గా తీసుకోవాలన్నారు.

నా మట్టుకు రెండో వాదం మర్యాదగా ఉంటుంది, మొదటిదానిలో ఒక నిజం ఉంది. అడిగింది మాత్రమే ఇస్తూ పోతే యాప్ చేసేదీ అదే. అందుకే అనుభవమున్నవాళ్లు రెండు పుస్తకాలు ఇస్తారు: ఒకటి అడిగినట్టుండేది, ఇంకొకటి కాస్త పక్కకు జరిగినది. రెండోది చదవకుండా తెచ్చినా ఏమీ అనరు.

సిబ్బంది సొంత ఇష్టం సంగతేమిటి? అది తప్పకుండా దొర్లుతుంది. కవిత్వం చదవని లైబ్రేరియన్ ఉన్నచోట కవిత్వం కదలదు. స్టాఫ్ పిక్స్ అట్టముక్క మీద సిబ్బంది పేరు రాయడంలో ఉన్న తెలివి ఇదే. నాలుగు నెలలు చూస్తే ఎవరి రుచి మనకు కలుస్తుందో తెలిసిపోతుంది. ఒక సంస్థ పేరుతో వచ్చే ‘ఉత్తమ పుస్తకాల జాబితా’లో ఆ వీలు ఉండదు.

లాభం ఎవరికి?

పాత తరానికి గుర్తుండే ఉంటుంది, సందుకొకటి చొప్పున అద్దె లైబ్రరీలు. రోజుకింత అద్దెకు నవలలిచ్చే ఆ కొట్టాయన కూడా దిట్టమైన సిఫార్సుదారే. ఎవరింట్లో ఏ రచయిత్రి నడుస్తుందో ఆయనకు కంఠతా. కాకపోతే పుస్తకం త్వరగా తిరిగొస్తేనే ఆయనకు గిట్టుబాటు, కాబట్టి త్వరగా చదివేసేవే చేతికొచ్చేవి. ప్రభుత్వ లైబ్రరీలో మీరు తీసుకున్నా తీసుకోకపోయినా జీతం ఒకటే. అది బద్ధకానికి కారణం కావచ్చు, నమ్మకానికీ కారణం కావచ్చు.

ఒత్తిళ్లు అసలు లేవని కాదు. విజయవాడ పుస్తక ప్రచురణకు పెద్ద కేంద్రం. ఏలూరు రోడ్డు పొడవునా పుస్తకాల షాపులు, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు. అలాంటి ఊళ్లో సొంత ఖర్చుతో అచ్చేసుకున్న కవులు ‘మా పుస్తకం కూడా పెట్టండమ్మా’ అని పది ప్రతులు తెచ్చివ్వడం మామూలే. తీసుకోవడం వేరు, సిఫార్సు చేయడం వేరు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది లైబ్రేరియన్ మొహమాటం మీద ఆధారపడి ఉంటుంది, మన దగ్గర మొహమాటం తక్కువేం కాదు.

ఎవరు ఏం చదివారో ఎవరికి తెలియాలి?

మంచి సిఫార్సుకు జ్ఞాపకం కావాలి. పోయినసారి మీరేం తీసుకున్నారో గుర్తుంటేనే ఈసారి సరైనది చెబుతారు. అదే జ్ఞాపకం ఇబ్బంది కూడా పెడుతుంది. విడాకుల చట్టం మీదో, మానసిక ఆరోగ్యం మీదో పుస్తకం తీసుకున్న మనిషి, ఆ సంగతి కౌంటర్ దగ్గర పదిమందిలో వినాలనుకోరు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ నీతి నియమావళి 1939 నుంచీ పాఠకుడి వివరాల గోప్యతను చెబుతూ వస్తోంది. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కంప్యూటర్లో ఉన్న సమాచారానికి వర్తిస్తుంది. చేత్తో రాసిన ఇష్యూ రిజిస్టరు డిజిటల్‌గా మారనంత కాలం దాని పరిధిలోకి రాదు. ఆ రిజిస్టరు చాలాచోట్ల బల్ల మీద తెరిచే ఉంటుంది, సంతకం పెట్టేటప్పుడు పైవరసలో ఎవరి పేరుందో మనమూ చూస్తాం.

ఆ రిజిస్టరు సిఫార్సు ఫలించిందో లేదో మాత్రం చెప్పదు. రెండు తేదీలే ఉంటాయి. పుస్తకం రెండు రోజుల్లో తిరిగొచ్చిందంటే వదలకుండా చదివారా, మూడో పేజీలో మూసేశారా? గడువు దాటాక వచ్చిందంటే ఇంట్లో నలుగురూ చదివారా, మంచం కింద పడి ఉందా? అందుకే తెలివైన సిబ్బంది రిటర్న్ తీసుకునేటప్పుడు ‘ఎలా ఉంది’ అని ఒక మాట అడుగుతారు. తెలివైన పాఠకులు ఇంకో పని చేస్తారు. ర్యాకుల దగ్గరికి వెళ్లే ముందు, అప్పుడే తిరిగొచ్చి బల్ల మీద కుప్పగా పడి ఉన్న పుస్తకాలను తిరగేస్తారు. ఎవరో ఇంటికి తీసుకెళ్లి చదివి తెచ్చారన్నదే వాటికి సర్టిఫికెట్. సిబ్బందికీ దీనిమీద ఏ అభ్యంతరమూ ఉండదు, అక్కణ్నుంచి పోయిన పుస్తకాన్ని మళ్లీ నంబరు చూసి సర్దే పని తప్పుతుంది.